బీరువాలో పాస్‌పోర్టు, బల్ల దగ్గర కుర్చీ

అమలాపురం,
10 జూలై 1997

అక్కా,

క్షేమ సమాచారాలు చివర రాస్తాను. ముందు కోపం.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. "కిర్స్టెన్ అమ్మగారు చాలా మంచిది, పేరు పెట్టే పిలవమంటుంది, డెన్మార్క్ వాళ్ళకి మనలాగా గారూ గీరూ లేవట" అని ఒక పేజీ నిండా మురిసిపోయావు. ఆ పేజీ అడుగున, మాగాయ ఎండబెట్టిన సంగతి రాసినట్టు, "పాస్‌పోర్టు ఆవిడ బీరువాలోనే ఉంది, సెలవు సంగతి తర్వాత చూద్దామంది" అని ఒక్క ముక్క. ఏది పైన రాయాలో ఏది కింద రాయాలో కూడా నేను చెప్పాలా?

నీ పాస్‌పోర్టు ఆవిడ బీరువాలో ఎందుకుంది? "కంపెనీ కాగితాలు చూసే మందూబ్ అలా ఉంచమన్నాడు" అంటావు. మందూబ్ చెప్తే ఆవిడ ఉంచేసింది, ఆవిడ ఉంచితే నువ్వు ఊరుకున్నావు. నాలుగేళ్ళయింది. ఆ అరబ్బు దేశంలో, సముద్రం కనపడే ఫ్లాట్‌లో వాళ్ళ పిల్లని పాకే వయసు నించీ ఎత్తుకుని పెంచావు. నీ పిల్ల సంగతి ఎవరు చూస్తారు? విజయదుర్గకి అయిదో నెల. కార్తీకం ఆఖర్లో పురుడు. తొలి కాన్పు. తండ్రి లేని పిల్ల. తల్లి దగ్గరుండి పొయ్యాల్సిన నీళ్ళు మేనమామ పెళ్ళాం చేత పోయిస్తావా? మీ మరదలు పోస్తుంది, కాదనను. కానీ అత్తారింటికి చూడ్డానికి వెళ్ళినప్పుడల్లా ఆ పిల్ల క్యాలెండరు తిప్పి చూస్తోంది, అది నేను చూడలేకపోతున్నాను.

ఇంకో మాట. ఆవిడే పేరు పెట్టి పిలవమన్నాక ఈ "అమ్మగారు" దేనికి? అక్కడ పనివాళ్ళందరూ యజమానురాళ్ళని "మామా" అంటారనీ నువ్వు ఆ మాట అననే అనవనీ రాస్తే నలుగురికీ గొప్పగా చెప్పుకున్నాను. ఆ మాట మానేసి ఇది తగిలించావా? నడుం నిటారుగా పెట్టి, పేరు పెట్టి పిలిచి, సెలవు అడుగు.

అందరం బాగానే ఉన్నాం.

నీ తమ్ముడు
సత్యప్రసాద్


సాల్మియా,
28 జూలై 1997

తమ్ముడూ,

నీ కోపాన్ని శుక్రవారం చినబాబు తెచ్చిచ్చాడు. మన ముమ్మిడివరం చినబాబేరా, మహబూలాలో పదిమందితో ఒక గదిలో ఉంటాడు, బండి నడుపుతాడు. నీ ఉత్తరాలు వాళ్ళ కంపెనీ పోస్టు బాక్సుకే వస్తాయి కదా. "ఏటండీ గంగారత్నం గారూ, కవరు ఇంత బరువుంది, లోపల తమ్ముడు గారే ఉన్నారేటండీ?" అన్నాడు. విప్పి చదివాక నిజమే అనిపించింది.

పాస్‌పోర్టు సంగతి అడుగున ఎందుకు రాశానంటే, పైన రాస్తే మిగతా ఉత్తరం రాయలేను కాబట్టి. ఫోను చెయ్యొచ్చు కదా అంటావేమో. ఫోను హాల్లో ఉంది. అందరి ముందూ ఏం మాట్లాడను?

వీళ్ళు చెడ్డవాళ్ళు కార్రా. యెన్స్ బాబు నీళ్ళ ప్లాంటులో ఇంజినీరు, నోట్లోంచి మాట రాదు. కిర్స్టెన్ నన్ను తమతోపాటే బల్ల దగ్గర కూర్చుని తినమంటుంది. "కూర్చో గంగా, ఇక్కడ ఎక్కువా తక్కువా లేవు" అంటుంది. కూర్చుంటాను. ముద్ద దిగదు. తర్వాత వంటింట్లో ఇంత అన్నంలో పచ్చడి కలుపుకుంటేనే తిన్నట్టుంటుంది.

కిర్స్టెన్ తల్లి కారెన్ కిందటి చలికాలం నించీ ఇక్కడే ఉంటోంది. మెట్టె పాప ఆవిణ్ణి "మోర్మోర్" అంటుంది. వీళ్ళ భాషలో మోర్ అంటే అమ్మ. మోర్మోర్ అంటే అమ్మకి అమ్మ. మన అమ్మమ్మేరా! ఇంత దూరంలో ఎవరు చెప్పారో వీళ్ళకి.

ఆ తల్లీ కూతుళ్ళకి రోజూ గొడవే. "అమ్మా, పాపకి ఆ పల్లెటూరి మాటలు నేర్పకు, బళ్ళో నవ్వుతారు" అంటుంది కూతురు. "ఆ మాటలతోనే నిన్ను పెంచాను, నువ్వేం నవ్వులపాలయ్యావు?" అంటుంది తల్లి. ఆవిడ ఊళ్ళో "నేను" అనడానికి ఒక్క "అ" చాలట. కూతురు ఇంకోలా అంటుంది. పాపతోపాటు నేనూ నేర్చుకున్నాను కాబట్టి నాకు ఇద్దరి మాటలూ అర్థమవుతాయి. ఒకే భాష మాట్లాడుతూ ఎందుకు పోట్లాడుకుంటారో అది మాత్రం అర్థం కాదు. నువ్వు పుస్తకాల మనిషివి కదా, వీళ్ళ భాష ఎక్కణ్ణించి వచ్చిందో కనుక్కుని రాయి.

సెలవు మళ్ళీ అడిగాను. "చూద్దాం" అంది.

దుర్గని రోజూ పాలు తాగమనండి.

అక్క


అమలాపురం,
14 ఆగస్టు 1997

అక్కా,

అడిగావు కాబట్టి విను. విశాఖ వెళ్ళి యూనివర్సిటీ లైబ్రరీలో కూర్చున్నాను. చదివినకొద్దీ ఒళ్ళు మండింది.

ఆ భాషేమీ ఆకాశంలోంచి ఊడిపడలేదు. వెయ్యేళ్ళ కిందట హరాల్డ్ అనే రాజు యెల్లింగ్ అనే ఊళ్ళో తల్లిదండ్రుల పేరు మీద ఒక బండరాయి చెక్కించాడు. రూన్లని, గీతల్లాంటి అక్షరాలు. అప్పటికి స్వీడన్ వాడిదీ నార్వే వాడిదీ ఐస్‌లాండ్ వాడిదీ దాదాపు ఒకే మాట. ఆ మాటకి వాళ్ళు పెట్టుకున్న పేరు "డేనిష్ నాలుక". ఆ తర్వాత జర్మను వర్తకులు ఓడలేసుకుని దిగారు. సరుకుతోపాటు మాటలూ దింపారు. చెప్పులు కుట్టేవాడి పేరు, బట్టలు కుట్టేవాడి పేరు, ఊరి పెద్దలు కూర్చునే భవనం పేరు, అన్నీ వాళ్ళవే. ఆఖరికి "భాష" అనడానికి డేనిష్ వాడు వాడే మాట కూడా ఆ వర్తకుల సరుకే!

1550లో బైబిలు మొత్తం డేనిష్‌లో అచ్చయింది. ఇకనేం, రాజ్యమంతా సొంత భాషలో నడిచిందనుకుంటున్నావా? కొలువులో జర్మను. పండితుడికి లాటిన్. దొరసానుల కబుర్లకి ఫ్రెంచి. సిపాయిని కుడివైపు తిరగమనాలన్నా 1773 దాకా జర్మనులోనే అరిచారు. మరి డేనిష్ ఎవరితో మాట్లాడేవారు? పాలేరుతో. వంటమనిషితో. పిల్లని ఆడించే ఆయాతో! అక్కా, పెద్దమనుషులు గుమ్మంలో విడిచిన భాషని వంటింట్లో బతికించింది నీలాంటి వాళ్ళు. ఈ సంగతి ఏ బండరాయి మీదా ఎవడూ చెక్కలేదు.

అలా నలిగిన భాష బుద్ధి తెచ్చుకుందా? నార్వేని నాలుగు వందల ఏళ్ళు ఏలి, వాళ్ళ రాత మీద తన రాత రుద్దింది. ఫెరో దీవులని నడిసముద్రంలో ఉన్నాయి, అక్కడి పిల్లలు ఇంట్లో ఒక భాష మాట్లాడుకుంటే బళ్ళోనూ చర్చిలోనూ డేనిషే. సొంత దేశంలో మాత్రం తక్కువ తిన్నదా? కోపెన్‌హేగన్ మాటే మాట, "అ" అనే జట్లాండ్ పల్లె రైతు మాట మోటు. మీ కారెన్ గారి నోరు మూయిస్తున్నది అదే. కాలేజీలో నేను "వత్తన్నానండి" అంటే బెంచీ ఎక్కించిన మన లెక్చరర్ గుర్తున్నాడా? వాడికి కోపెన్‌హేగన్‌లో బోలెడంత మంది చుట్టాలున్నారు.

ఒక్క సంగతి నచ్చింది. వాళ్ళకీ ఒకప్పుడు "నువ్వు"లూ "మీరు"లూ వేరువేరుగా ఉండేవి. 1970లలో కుర్రకారు తిరగబడి ఆ "మీరు"ని మూలకి నెట్టేశారు. ఇప్పుడు మంత్రితోనైనా "నువ్వు" అనే మాట్లాడతారు. పోరాడి తెచ్చుకున్న హక్కు అది. నువ్వూ వాడు. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుని, "కిర్స్టెన్, నా పాస్‌పోర్టు ఇచ్చెయ్, నవంబరులో వెళ్తున్నాను" అను. అమ్మగారూ గిమ్మగారూ ఏమీ వద్దు.

సత్యప్రసాద్


సాల్మియా,
5 సెప్టెంబరు 1997

తమ్ముడూ,

నువ్వు చెప్పినట్టే చేశాను. ఏమైందో విను.

మధ్యాహ్నం పాప పడుకున్నాక కుర్చీ లాక్కుని కూర్చున్నాను. "కిర్స్టెన్," అన్నాను వాళ్ళ భాషలోనే, "నాకు నీతో పనుంది."

ఆవిడ చేతిలో కాఫీ కప్పు అక్కడ పెట్టేసింది. "గంగా! నాలుగేళ్ళకి నా పేరు పలికావు!" అని లేచి మెడ చుట్టూ చేతులేసి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. యెన్స్ బాబుని పిలిచి చెప్పింది. నన్ను మధ్యలో కూర్చోబెట్టి ఫోటో తీయించింది.

అప్పుడు పాస్‌పోర్టు అడిగాను. నా చెయ్యి పట్టుకుంది. "నువ్వు ఈ ఇంటి మనిషివి గంగా. ఇంటి మనుషులు ఒకళ్ళనొకళ్ళు ఇబ్బందుల్లో వదిలేసి పోరు. నాకు బళ్ళో ఉద్యోగం ఇప్పుడే వచ్చింది. క్రిస్మస్ అయ్యాక వెళ్దువుగాని."

"నా కూతురికి పురుడు," అన్నాను.

"అక్కడ మీవాళ్ళు అంతమంది ఉన్నారు కదా. నాకెవరున్నారు?"

"పాస్‌పోర్టయినా ఇవ్వు."

"దానికేం తొందర, భద్రంగానే ఉందిగా. నన్ను నమ్మవా?"

తమ్ముడూ, యజమానురాలైతే ఒప్పందంలో సెలవుంది కదా అని నిలదీస్తాను. చెల్లెలిలా మెడ చుట్టూ చెయ్యేసిన మనిషిని ఏమని నిలదీస్తాను? అమ్మగారూ అన్నన్నాళ్ళూ "చూద్దాం" అనైనా అంది. పేరు పెట్టి పిలిచాక "వద్దు" అంది. నీ పుస్తకంలో దీనికేమైనా రాశారా?

వాళ్ళ "భాష" అన్న మాట అరువుదని ఎగిరావు గానీ, మన "భాష" అన్న మాట మాత్రం సంస్కృతం కాదూ? నువ్వే చెప్పేవాడివి.

అక్క


అమలాపురం,
20 సెప్టెంబరు 1997

అక్కా,

ఇంటి మనిషివా? ఏ ఇంటి మనిషి పాస్‌పోర్టు ఇంకో ఇంటి మనిషి తాళం వేసి దాచుకుంటుంది? మొగుడి పాస్‌పోర్టు దాచిందా? తల్లిది దాచిందా? నీదే ఎందుకు దాచింది? కౌగిలించుకుని కాళ్ళు కట్టెయ్యడం అంటే ఇదే. పాతకాలపు జమీందారు కనీసం కొరడా కనపడేలా పెట్టుకునేవాడు!

మళ్ళీ పుస్తకాలు తిరగేశాను. రెండు వందల ఏళ్ళ కిందట అక్కడి పెద్దింటి వాళ్ళు పనిమనిషితో ఎలా మాట్లాడేవారో తెలుసా? ఎదురుగా నిలబెట్టుకుని "ఆమె నీళ్ళు తెచ్చిందా? ఆమెకి చెవుడా?" అనేవాళ్ళు. మనిషి ముందే ఉంది, అయినా "ఆమె"! పనిమనిషి మాత్రం యజమానురాలి పేరు ఎత్తకూడదు. "అమ్మగారికి కాఫీ కావాలా" అని, అమ్మగారు ఇంకెక్కడో ఉన్నట్టు అడగాలి. కుర్చీ వెనకాల నిలబడాలి. కూర్చుంటే కొలువు పోయినట్టే. ఆ కాలం పోయిందని ఇప్పుడు వాళ్ళకి మహా గొప్ప. ఎవరైనా వాళ్ళని ఆ పాత పద్ధతిలో పిలిస్తే చెంప మీద కొట్టినట్టు బాధపడిపోతారట. పడరూ మరి! వెయ్యేళ్ళలో అక్షరాలు మార్చుకున్నారు, మాటలు మార్చుకున్నారు, 1948లో స్పెల్లింగులు సంస్కరించుకున్నారు, పిలుపులు కూడా మార్చుకున్నారు. బీరువా తాళం చేతులు మార్చడం ఒక్కటే మర్చిపోయారు.

నువ్వు తగ్గకు. ఇంకా గట్టిగా పేరు పెట్టి పిలువు. బల్ల మీద చరిచి అడుగు. వారం చూసి నేనే ఆవిడకి ఇంగ్లీషులో ఉత్తరం రాస్తాను, ఈ చరిత్రంతా విప్పి పెడతాను.

దుర్గని మొన్న ఏడో నెలలో అత్తారింటి నించి మనింటికి తీసుకొచ్చాం. పాదాలు కాస్త వాచాయి. డాక్టరు ఫర్వాలేదంది. "అమ్మ వస్తుందా మావయ్యా" అని అడిగింది. వస్తుందనే చెప్పాను.

సత్యప్రసాద్


సాల్మియా,
12 అక్టోబరు 1997

తమ్ముడూ,

చినబాబు కింద బండి ఆపుకుని ఉన్నాడు, రెండు ముక్కలే రాస్తున్నాను. ఆవిడకి ఉత్తరం రాయకు. సోమవారం నించీ పేరు పెట్టి పిలవడం మానేశాను. అమ్మగారు అనే అంటున్నాను, వాళ్ళ భాషలోనే. కారెన్ నేర్పింది. బల్ల దగ్గర కూర్చోవడం లేదు. వాళ్ళు తింటున్నంతసేపూ కుర్చీ వెనకాల నిలబడి, తర్వాత వంటింట్లో నేల మీద తింటున్నాను. కాళ్ళు లాగుతున్నాయి గానీ ఏం పర్లేదు.

దుర్గని ఉప్పు తగ్గించమను.

అక్క


అమలాపురం,
27 అక్టోబరు 1997

అక్కా,

నీ ఉత్తరం అందింది. నువ్వేనా రాసింది?

నేల మీద కూర్చుని తింటున్నావా? కుర్చీ వెనకాల నిలబడుతున్నావా? ఆ దేశంవాళ్ళే చీదరించుకుని పారేసిన బానిసత్వాన్ని ఏరుకుని మెళ్ళో వేసుకున్నావా? పైగా ఆ ముసలావిడ నేర్పిందా! ఆవిడ ఊళ్ళో ఆ చాకిరీ పోయి ఎన్నేళ్ళయింది, నీతో మళ్ళీ మొదలుపెట్టించిందా? ఆవిడ మాటని కూతురు తొక్కుతుంటే నేను ఆవిడ పక్షాన ఇక్కడ గుండెలు బాదుకున్నాను. తొక్కబడ్డవాళ్ళు ఇంకొకళ్ళని తొక్కడం చరిత్రలో కొత్తేమీ కాదు, ఆ భాషే సాక్ష్యం, నేనే రాశాను. అయినా మండుతోంది.

పోరాడితే పాస్‌పోర్టు రాలేదని దణ్ణం పెడుతున్నావా? సరే, పెట్టు. నేను మాత్రం ఊరుకోను. నేను ఎప్పుడూ రాసే మన పత్రికకి, డిసెంబరు సంచిక కోసం వ్యాసం రాసేశాను, "నిలబడి వడ్డించే చేతులు" అని. నీ పేరు లేదు. "ఒక గోదావరి స్త్రీ" అన్నాను. బానిసత్వం పైనుంచి పడటమే కాదు, కిందనుంచి కూడా ఎలా మొలుస్తుందో నీ ఉత్తరంలోంచే ఎత్తి రాశాను. కోపం వస్తే రానీ.

ఇక్కడ దుర్గ చీరలు చింపి పొత్తిగుడ్డలు మడత పెట్టుకుంటోంది. నేను ఇంక "వస్తుంది" అని చెప్పడం మానేశాను.

సత్యప్రసాద్


సాల్మియా,
8 నవంబరు 1997

తమ్ముడూ,

రాజోలు అబ్బాయి ఒకడు రేపు బయల్దేరుతున్నాడు, ఇది వాడి చేతికిస్తున్నాను. నీ తిట్లు నిన్ననే అందాయి. నేను రాసిన రెండు ముక్కలకి నువ్వు అంత ఊహించుకుంటావనుకోలేదు. నువ్వే కదరా దారి చెప్పింది! పాత పద్ధతిలో పిలిస్తే చెంప మీద కొట్టినట్టుంటుందని రాసింది ఎవరు?

కారెన్ పద్నాలుగో ఏట ఒక పాదిరీ గారింట్లో పనికి కుదిరిందట. "అప్పుడు యజమానురాలిని ఏమని పిలిచేదానివి?" అని అడిగాను. నవ్వింది. తర్వాత నవ్వడం మానేసింది. "ఎందుకడుగుతున్నావో తెలుసు," అంది. ఎలా నిలబడాలో, ఎలా తలొంచాలో, ఏమనాలో అన్నీ చూపించింది. పాదిరీ గారి భార్య కూడా ఆవిణ్ణి "మా ఇంటి పిల్ల" అనేదట. తండ్రి పోయినప్పుడు మాత్రం చివరి చూపుకి పంపలేదట.

మొదట్లో కిర్స్టెన్ నవ్వింది. తర్వాత బతిమాలింది. తర్వాత కేకలేసింది. "ఎందుకిలా చేస్తున్నావు? నేను అలాంటిదాన్ని కాదు!"

"అమ్మగారు ఎలా చెప్తే అలాగే," అన్నాను.

"అమ్మగారు అనకు!"

"అమ్మగారికి కోపం తెప్పించే ఉద్దేశం లేదు."

యెన్స్ బాబుకి అన్నం సయించడం మానేసింది. వెనకాల మనిషి నిలబడి ఉంటే వాళ్ళకి ముద్ద దిగదురా. అంతకుముందు నాకు దిగనట్టే.

గురువారం వాళ్ళ దేశం వాళ్ళు ఆరుగురు భోజనానికొచ్చారు. తెల్ల చీర ఇస్త్రీ చేసి కట్టుకున్నాను. వడ్డించి కిర్స్టెన్ కుర్చీ వెనకాల నిలబడ్డాను. "అమ్మగారికి ఇంకొంచెం చేప వడ్డించమని సెలవా?" అన్నాను, కారెన్ నేర్పినట్టే. ఒకాయన నవ్వి, "ఇదేంటి కిర్స్టెన్, మా ముత్తవ్వ ఇంటికొచ్చినట్టుంది?" అన్నాడు. ఇంకెవరూ నవ్వలేదు.

కిర్స్టెన్ మొహం ఎర్రబడింది. "కూర్చో గంగా. నీకు దణ్ణం పెడతాను, కూర్చో."

"నా పాస్‌పోర్టు అమ్మగారి బీరువాలో ఉంది. నేను అమ్మగారి బల్ల దగ్గర ఎలా కూర్చుంటాను?"

అప్పుడు కారెన్ లేచింది. తన పళ్ళెం పట్టుకుని వచ్చి నా పక్కన నిలబడింది. తుంటి నొప్పి మనిషి, కర్ర కూడా తెచ్చుకోలేదు. "అ కూడా ఇలాగే నిలబడ్డాను," అంది, కూతురు వద్దన్న ఆ పల్లె మాటలోనే, అందరికీ వినపడేలా. ఆ మాట విని వచ్చినవాళ్ళలో ఒకావిడ తల దించుకుంది. ఆవిడది కూడా అటువైపు ఊరేనట.

కిర్స్టెన్ లోపలికి వెళ్ళింది. బీరువా తలుపు చప్పుడు విన్నాను. పాస్‌పోర్టు తెచ్చి నా చేతిలో పెట్టింది. పెట్టి, అందరి ముందే ఏడ్చింది. నేనూ ఏడ్చాను, ఎందుకు దాచుకోవాలి.

"తిరిగి వస్తావా?" అంది.

"ఇది నా పెట్టెలో ఉంటే వస్తాను. అప్పుడు కూర్చుని తింటాను."

పదిహేడో తారీకు విమానం. బొంబాయి దాకా అది, అక్కణ్ణించి రైలు. రాజమండ్రి స్టేషనుకి రా. దుర్గకి ముందుగా చెప్పు, ఒక్కసారిగా కనపడి హడలగొట్టకూడదు. కారెన్ పుట్టబోయే బిడ్డకి ఉన్ని టోపీ అల్లి ఇచ్చింది. మన ఊరి ఉక్కకి ఉన్ని టోపీ దేనికమ్మా అంటే, మోర్మోర్ ఇచ్చింది మోర్మోర్ కాదనకూడదంది. తెస్తున్నాను.

నీ వ్యాసం సంగతి. గోదావరి స్త్రీ ఎవరో అమలాపురంలో తెలీనివాళ్ళు ఒక్కళ్ళున్నారట్రా? నన్ను ఒక్క మాట అడిగావా? ఆ సంచిక ఇంకా అచ్చుకి వెళ్ళకపోతే ఆపించు. ఆపకపోయావో, స్టేషనులో రైలు దిగగానే అంతమంది ముందూ పమిట భుజం చుట్టూ కప్పుకుని, చేతులు కట్టుకుని, "సత్యప్రసాద్ గారూ, తమరు కులాసాగా ఉన్నారాండీ" అంటాను. ఇంటి గుమ్మం దాకా నీ వెనకాలే నడుస్తాను. నీ ఇంట్లో నువ్వు భోంచేసి లేచేదాకా నిలబడతాను.

ఎన్నాళ్ళు తట్టుకుంటావో చూస్తాను.

నీ అక్క
గంగారత్నం